తప్పెట నుంచి డిష్షు దాకా

మా మాదిగపల్లె ఊరికి ఆగ్నేయం మూల ఉంది. ఊరికీ పల్లెకీ మధ్య ఒక వాగు, వాగు మీద చప్టా, చప్టా పక్కన మిరపకాయలు ఎండబోసే కళ్లాలు. ఊళ్లో డాబాల మీద ఇయ్యాల కనపడే డిష్షుల్లో ఎక్కువ భాగం ఆగ్నేయం వైపే తిరిగి ఉంటాయి. అంటే మా పల్లె మీదుగా ఆకాశంలోకి చూస్తుంటాయి. మా వైపు చూడటానికి మొహం చిట్లించుకునే ఊరు, బొమ్మ కావాలంటే రోజూ మా తలల మీదుగానే చూడాల్సి వచ్చింది. ఈ మాట చెబితే మా పల్లె కుర్రాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఎందుకంటే ఆ డిష్షుల్లో ముప్పాతిక వంతు నేను బిగించినవే.

డిష్షు బిగించడం గురించి రాస్తే అది చరిత్ర ఎట్లా అవుతుందని అడిగేవాళ్లు ఉంటారు. రాజులు తవ్వించిన చెరువులు చరిత్ర అయినప్పుడు, ఆ చెరువులో మమ్మల్ని ముంతెడు నీళ్లు ముంచుకోనివ్వకపోవడం కూడా చరిత్రే. టీవీ కూడా అంతే. ఎవడి ఇంట్లో బొమ్మ పడింది, ఎవడు కిటికీ అవతల నిలబడ్డాడు, ఎవడు గుంట తవ్వాడు, ఎవడి తీగ తెగింది అన్నవి రాయకుండా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో టీవీ చరిత్ర రాస్తే అది సగం చరిత్రే.

మా నాయన ఊరి వెట్టి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థ రద్దు చేసేదాకా మునసబు చెప్పిందల్లా తప్పెట కొట్టి చాటడం ఆయన పని. శిస్తు కట్టమని, సాగర్ కుడి కాలవకు నీళ్లు వదులుతున్నారని, ఫలానావాళ్ల గేదె తప్పిపోయిందని, టీకాలు వేసేవాళ్లు వచ్చారని నాలుగు బజార్ల కూడళ్లలో నిలబడి చెప్పేవాడు. ఊరంతా ఆయన గొంతే వినేది. ఆయన మాత్రం ఏ అరుగూ ఎక్కడానికి లేదు. చెప్పులు చంకన పెట్టుకొని, కండువా నడుముకు చుట్టుకొని చాటింపు వేసేవాడు. దాహమైతే దోసిలి పట్టేవాడు. రేడియోలూ టీవీలూ రాకముందు మా పల్నాటి అంచు ఊళ్లకు ప్రసార సాధనం మాదిగోడి తప్పెటే. వార్త మోసిన మనిషికి ఆ వార్తలో చోటు లేదు.

ఈ మాట తర్వాత మాకు ఇంకో విధంగా అర్థమైంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు జనం దాన్ని దండోరా అన్నారు. మా నాయన అప్పటికే ముసలోడు. ఆ పేరు విని, 'ఇన్నాళ్లూ ఊరి మాట చాటాం, ఇప్పుడు మన మాట చాటుతున్నారన్నమాట' అన్నాడు. ఆయనకు చదువు లేదు. అయినా ప్రసారం అంటే ఏమిటో, ఎవడి తరఫున చేస్తున్నామో చూసుకోవాలన్న సంగతి ఆ ఒక్క మాటలో చెప్పాడు.

నేను పుట్టింది 1975. ఆ ఏడాదే ఆగస్టు 1న అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం ఏడాదిపాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు నేరుగా ఆకాశం నుంచి టీవీ కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఇస్రో ఇంజనీర్లు కోళ్లగూడుకు వాడే తీగ వలతో పదడుగుల డిష్షులు చేసి పల్లెటూళ్లలో పెట్టారు. విక్రం సారాభాయి కన్న కల అది, ఆయన 1971లోనే పోయాడు. మా జిల్లాలు ఆ ప్రయోగంలో లేవు. టీవీలను పంచాయితీ ఆఫీసు, బడి లాంటి బహిరంగ స్థలాల్లో పెట్టాలన్నారు. అందరూ చూడాలని వాళ్ల ఉద్దేశం, మంచిదే. కానీ మన పల్లెటూళ్లలో బహిరంగ స్థలం అంటే ఏది? రచ్చబండ బహిరంగ స్థలమే కదా. మా తాత దాని మీద ఒక్కనాడైనా కూర్చున్నాడా? ఉపగ్రహం 36 వేల కిలోమీటర్లు దాటి ఊళ్లోకి వచ్చింది. ఊరి నుంచి పల్లెకు ఉన్న రెండు ఫర్లాంగులు దాటడం దానికి చేతగాని పని.

మా ఊరికి టీవీ వచ్చింది 1985, 86 ప్రాంతంలో. 1984లో కేంద్రం దేశమంతా ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయింది. ఊళ్లో పత్తి బాగా పండిన ఒక ఆసామి టీవీ కొన్నాడు. డాబా మీద ఇనప గొట్టానికి అల్యూమినియం పుల్లల యాంటెన్నా. గాలికి అది తిరిగిపోతే బొమ్మ చీమలు పట్టేది. అప్పుడు నన్ను పిలిచేవాళ్లు. నాకు పదకొండేళ్లు. వెనక గోడకు నిచ్చెన వేసి బయటి నుంచే డాబా ఎక్కించేవాళ్లు. నేను గొట్టం పట్టుకొని అంగుళం అంగుళం తిప్పేవాణ్ణి. కింద నుంచి కేక వచ్చేది.

'వచ్చింది... పోయింది... ఎనక్కి తిప్పరా... ఆఁ, వచ్చింది, ఆపు!'

తిప్పేవాడికి బొమ్మ కనపడదు. కేక మాత్రమే వినపడుతుంది. తర్వాత నేను దిగి వచ్చి, వసారా అవతల, కిటికీ చువ్వల సందులోంచి చూసేవాణ్ణి. 1987 జనవరిలో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున అది వచ్చే వేళకే మా గుడి. మేం 1878లో, కరువు తర్వాత, ఒంగోలు మిషన్ క్లౌ దొర దగ్గర బాప్తీస్మం తీసుకున్న వాళ్ల సంతతి. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టే సరికి వెనక చాపలు ఖాళీ. పిల్లకాయలందరం చప్టా దాటి కిటికీ దగ్గర. ఆయన కోప్పడ్డాడు. 'ఆ ఇంటి గడప తొక్కనివ్వని వాళ్ల కథ కోసం ఈ ఇంటి గడప దాటిపోతారంట్రా' అన్నాడు. అప్పుడు ఆ మాట మాకు చేదు. ఇప్పుడు తలుచుకుంటే అది పెద్ద మాట.

అదే ఏడు పత్తికి తెల్లదోమ తగిలింది. 1987, 88ల్లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ చావులు పేపర్ల కెక్కాయి, ఎక్కాల్సిందే. కానీ ఆ పురుగుమందు వీపున డబ్బా తగిలించుకొని కొట్టింది మా పల్లె వాళ్లు. సాయంత్రానికి నోట నురగ వచ్చి పడిపోతే చింతపండు నీళ్లు తాగించి పడుకోబెట్టిన మా పినతండ్రి బొమ్మ మేం ఏ టీవీలోనూ చూడలేదు.

కారంచేడు వార్త కూడా మాకు టీవీలో రాలేదు. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్లు ప్రాణాలు దక్కించుకొని చీరాల చేరారు. ఆ సంగతి చీరాల నుంచి వచ్చిన మా చుట్టాల నోట విన్నాం. మాయమ్మ ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. దళిత మహాసభ పుట్టింది ఆ నెత్తుట్లోంచే.

ఆరేళ్లకు చుండూరు. ఆ గొడవ మొదలైన చోటు చూడండి: సినిమా హాలు. 1991 జూలైలో హాల్లో ముందు సీటులో ఉన్న అగ్రకులం వాడికి మన కుర్రాడి కాలు తగిలిందట. అంతే. దళితవాడ మీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న వెంటాడి ఎనిమిది మందిని నరికారు. శవాలను గోతాల్లో కట్టి తుంగభద్ర కాలవలో పడేశారు. అప్పుడు కారంచేడు ప్రకాశం జిల్లాలో, చుండూరు గుంటూరు జిల్లాలో ఉండేవి. 2022 తర్వాత రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. బొమ్మ చూసే చోట మనం పక్కన కూర్చోవడమే నేరమైన నేల ఇది. టికెట్టు డబ్బులు సమానం. తెర సమానం. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి కత్తి.

ఆ ఏడే నేను పది ప్యాసయ్యాను. చిలకలూరిపేటలో ఒక రేడియో, టీవీ రిపేరు షాపులో చేరాను. అప్పుడే దేశంలోకి కొత్త ఆకాశం దిగుతోంది. 1990లో ఎగిరిన ఏషియాశాట్-1 ఉపగ్రహం మీద 1991లో స్టార్ టీవీ వచ్చింది. 1992 అక్టోబరులో జీ టీవీ వచ్చింది. 1995లో జెమినీ, ఈటీవీ తెలుగులో వచ్చాయి. వాటిని పట్టాలంటే పన్నెండడుగుల జల్లెడ డిష్షు కావాలి. ప్రతి పెద్ద ఊళ్లోనూ కాస్త డబ్బున్నవాడు ఒక డిష్షు పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఇంటికింత అని వసూలు చేయడం మొదలుపెట్టాడు. ఆ డబ్బున్నవాడు ఏ కులం వాడో మీకు చెప్పనక్కర్లేదు.

మా ఊళ్లో 1993లో పెట్టిన డిష్షుకు గుంట తవ్వింది నేనూ మా అన్నా. కంకర కలిపింది మేమే. ఎనిమిది మందిమి కలిసి ఆ జల్లెడను ఎత్తి గొట్టం మీద నిలబెట్టాం. మూడు రోజులు ఎండలో దాన్ని తిప్పి తిప్పి ఉపగ్రహాన్ని పట్టింది నేను. ఊళ్లో ఇంటింటికీ తీగ నెల రోజుల్లో వచ్చింది. మా పల్లెకు వచ్చింది 1996లో. 'మీవాళ్లు నెలనెలా డబ్బులు కడతార్రా?' అని అడిగాడు ఆ కేబుల్ ఆయన. కట్టాం. ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు.

2003లో డీటీహెచ్ వచ్చింది. చిన్న డిష్షు, ఇంటికొకటి. నేను బిగించే పనికి కుదిరాను. ఈ పనిలో ఒక చిక్కుంది. డిష్షు డాబా మీద, టీవీ ముందు గదిలో. వైరు రెంటినీ కలపాలి. అంటే బిగించేవాడు ఇల్లంతా తిరగాలి. ఒక ఊళ్లో ఒకామె గుమ్మంలోనే నిలబెట్టి, 'ఏ ఊరబ్బాయ్? ఎవురోళ్ల అబ్బాయివి?' అంది. ఆ ప్రశ్నకు అర్థం మనకు తెలుసు. చెప్పాను. మెట్లు ఇంట్లోంచి ఉన్నాయి. ఆమె నన్ను బయట నుంచి నిచ్చెన వేసుకోమంది. డిష్షు బిగించాను. వైరు కిటికీలోంచి లోపలికి వదిలాను. బాక్సు ఆమె కొడుకు పెట్టాడు. నేను పైనుంచి తిప్పుతుంటే లోపలినుంచి ఆ అబ్బాయి అరుస్తున్నాడు: 'వచ్చింది... పోయింది... ఆఁ ఆపు!' పదకొండేళ్లప్పుడు విన్న కేకే అది. పదిహేడేళ్లలో యాంటెన్నా పోయి డిష్షు వచ్చింది. నిచ్చెన అక్కడే ఉంది.

ఇక అసలు సంగతి. 2010 ఏప్రిల్ 14. అంబేద్కర్ జయంతి నాడు మా కుర్రాళ్లు చప్టా పక్కన బాబాసాహెబ్ విగ్రహం పెట్టడానికి దిమ్మె కట్టారు. ఆ చోటు పోరంబోకు. ఊరికి నచ్చలేదు. 'పొద్దున్నే కళ్లాలకు వచ్చేటప్పుడు ఆయన మొహం చూడాలా?' అన్నారట. మర్నాటి నుంచి మిరప కళ్లాల్లో మా ఆడవాళ్లను పనికి రావద్దన్నారు. తాలుకాయ ఏరడం, తొడిమలు తీయడం, టిక్కీలు తొక్కడం అప్పుడే ఉండేది. ఆ రెండు మూడు వారాల కూలి మా పల్లెకు ఎండాకాలమంతా తిండి. పాలు పోయడం ఆపారు. కొట్లో సరుకు ఆపారు. మూడోనాటి సాయంత్రం పల్లెలో టీవీలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. చప్టా దగ్గర కేబుల్ తీగ కోసి ఉంది. కేబుల్ ఆయన్ని అడిగితే, 'ఎలకలు కొరికాయేమో' అన్నాడు. ఎలకలకు కత్తెర ఎవరిచ్చారో!

పాత బహిష్కరణలో బావి, బజారు, మంగలి, చాకలి ఉండేవి. కొత్త బహిష్కరణలో కేబుల్ కూడా చేరింది. అన్నం ఆగినచోట టీవీ ఆగితే ఏంటని మీరనొచ్చు. నిజమే, ముందు అన్నం. కానీ ఆ రాత్రి పల్లె చీకట్లో కూర్చున్నప్పుడు నాకు ఒకటి తోచింది. తీగ ఊరి చేతిలో ఉన్నంతకాలం మన ఇంట్లోకి వచ్చే మాట కూడా ఊరి చేతిలోనే ఉంటుంది. బయట ఏం జరుగుతుందో తెలియకుండా చేయడం బహిష్కరణలో సగం. చుండూరులోనూ హత్యలకు ముందు జరిగింది అదే, చుట్టూ గీత గీసి ఒంటరి చేయడం.

దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్షు 2004 డిసెంబరులోనే మొదలైంది. అప్పుడు దాన్ని డీడీ డైరెక్ట్ ప్లస్ అనేవాళ్లు, తర్వాత ఫ్రీ డిష్ అన్నారు. ఒకసారి డిష్షు, బాక్సు కొనుక్కుంటే నెలనెలా ఎవడికీ పైసా కట్టక్కర్లేదు. నేను ఊళ్లో వాళ్లకు డబ్బు డిష్షులు బిగించుకుంటూ తిరిగానే తప్ప, మా ఇంటి మీద ఇది పెట్టాలని నాకు అంతదాకా తోచలేదు. చెప్పులు కుట్టేవాడి కాళ్లకు చెప్పులుండవన్నట్టే. మర్నాడు గుంటూరు పోయి 1500 రూపాయలకు సామాను తెచ్చాను.

ఆ పని ఎట్లా చేశామో వివరంగా రాస్తాను. ఎందుకంటే ఈ విద్యలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. తెలిసినవాడు చెప్పకపోవడమే దీన్ని విద్యను చేసింది.

ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తులో అది భూమిని చుట్టే వేగం, భూమి తిరిగే వేగం ఒకటే. అందుకని కింద నుంచి చూసేవాడికి అది ఒక్కచోటే నిలబడ్డట్టు ఉంటుంది. అది నిలబడింది కాబట్టే మన డిష్షును కూడా ఒకసారి బిగించి వదిలేయొచ్చు. దూరదర్శన్ ఉచిత డిష్షు చూసే చోటు తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీలు. అప్పుడు అక్కడ ఉన్నది ఇన్సాట్-4బీ. ఇప్పుడు 2015లో ఎగిరిన జీశాట్-15 ఉంది. మన గుంటూరు దాదాపు 80.5 డిగ్రీల దగ్గర ఉంది. అంటే ఉపగ్రహం మనకు తూర్పుగా, భూమధ్యరేఖ మీద కాబట్టి దక్షిణంగా. రెండూ కలిస్తే ఆగ్నేయం. లెక్క కడితే ఉత్తరం నుంచి తూర్పు మీదుగా 140 డిగ్రీలు, నేల నుంచి పైకి 65 డిగ్రీలు. తల బాగా ఎత్తి చూడాల్సిన చోటు.

ముందు గొట్టం. గొట్టం నిట్టనిలువుగా లేకపోతే మిగతా పనంతా దండగ. డిష్షు వెనక ఉండే డిగ్రీల పట్టీ గొట్టం నిలువుగా ఉందనుకొని చెబుతుంది. గొట్టం ఒరిగితే పట్టీ అబద్ధం చెబుతుంది. మా తాపీమేస్త్రీ బావ తూకంగుండు పట్టి నాలుగు వైపులా చూశాడు. మాది అప్పటికి రేకుల ఇల్లు. రేకుల మీద పెడితే గాలికి ఆగదని వాకిట్లో అడుగున్నర గుంట తీసి, కంకర, సిమెంటు పోసి గొట్టం నిలబెట్టాం. రెండు రోజులు తడిపాం. చింతచెట్టు కొమ్మ అడ్డం వస్తుందని ముందే నాలుగడుగులు పక్కకు జరిపాను. ఈ తరంగాలకు ఆకు కూడా గోడే.

దిక్కు పట్టడానికి నా దగ్గర దిక్సూచి లేదు. దానికి మాయమ్మ ఉంది. ఏటా మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో పొద్దు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనక్కి వస్తుంది. అప్పుడు కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. పొద్దు వేడి ముందు ఉపగ్రహం గొంతు వినపడదు. బిగించేవాళ్లకు ఇది తెలుసు. అంటే మార్చిలో మిరపకోతలప్పుడు పదకొండింటికి పొద్దు ఎక్కడుంటుందో అక్కడే మన ఉపగ్రహం. నలభై ఏళ్లు కోతలకు పోయిన మాయమ్మకు అది నోటికి వచ్చు. ఆమెను వాకిట్లో నిలబెట్టి అడిగాను. అప్పుడది ఏప్రిల్, పొద్దు అప్పటికే ఉత్తరానికి జరిగింది. ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని, 'కోతల్లో గంజి తాగడానికి గట్టుకొచ్చే ఏళకా? అదిగో, ఆ చింత చిగురుకు ఇవతల, ఓ జానెడు పైన' అంది. అక్కడే గీత గీశాను. తర్వాత చూస్తే రెండు డిగ్రీల తేడా కూడా లేదు.

డిష్షు ఎత్తు పెట్టేటప్పుడు కొత్తవాళ్లు మోసపోతారు. ఈ చిన్న డిష్షుల్లో ఎల్‌ఎన్‌బీ నడిమధ్యలో ఉండదు, కింది అంచు వైపు ఉంటుంది. అందువల్ల డిష్షు మొహం అది నిజంగా చూసే చోటు కంటే ఇరవై పైచిలుకు డిగ్రీలు కిందికి వంగి కనపడుతుంది. కంటిని నమ్మొద్దు, పట్టీని నమ్మాలి. ఇంకోటి, ఎల్‌ఎన్‌బీని కూడా దాని పట్టులో కాస్త మెలి తిప్పాలి. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన లేదు కాబట్టి దాని తరంగాలు మనకు ఏటవాలుగా వస్తాయి. మన దగ్గర ఆ వాలు 38 డిగ్రీల దాకా ఉంటుంది. ఎటువైపు తిప్పాలో బాక్సులో క్వాలిటీ గీతే చెబుతుంది.

బాక్సులో రెండు గీతలుంటాయి. ఒకటి స్ట్రెంగ్త్, ఒకటి క్వాలిటీ. మొదటిది వైరు, ఎల్‌ఎన్‌బీ పనిచేస్తుంటే చాలు, లేస్తుంది. దాన్ని చూసి సంబరపడితే రాత్రంతా తిప్పుతూనే ఉంటారు. రెండోది లేస్తేనే మన ఉపగ్రహం. నట్లు మరీ వదులుగా కాకుండా సగం బిగించి, వెంట్రుకవాసి జరిపి, రెండు మూడు సెకన్లు ఆగి, మళ్లీ జరపాలి. బాక్సు ఆలోచించుకోవడానికి అంత టైము పడుతుంది. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడ ఆరు వందల కిలోమీటర్లు తప్పినట్టు. క్వాలిటీ ఎక్కువైన చోట దాటి అటు పోయి, తగ్గాక మళ్లీ వెనక్కి వచ్చి, రెంటికీ మధ్యన ఆపాలి. ఆపాక పానాతో ఒక్కో నట్టూ కొంచెం కొంచెం బిగించాలి. ఒకదాన్నే బిగిస్తే డిష్షు అటు లాగుతుంది. వైరు ఎల్‌ఎన్‌బీ దగ్గర కిందికి వేలాడేట్టు ఒక చుట్టు వదలాలి, వానచుక్క దాని మీదుగా జారిపోవడానికి. జాయింటుకు టేపు చుట్టాలి. ఇంత చేసినా జడివాన కురిస్తే బొమ్మ పోతుంది. వాన వెలిశాక అదే వస్తుంది. డిష్షు కదిలిందని పానా పట్టుకొని పరిగెత్తొద్దు.

ఆ సాయంత్రం నేను డిష్షు దగ్గర నిలబడ్డాను. టీవీ ముందు మాయమ్మను కూర్చోబెట్టాను. రెండో గీత చూపించి, అది లేస్తే చెప్పమన్నాను. వాకిట్లో పల్లె పల్లెంతా ఉంది. 'చేటను ఆకాశానికెత్తి పట్టావేందిరా, మెతుకులేమన్నా రాలతయ్యా?' అంది మా మేనత్త. పని లేక, కూలి లేక కడుపు మండి ఉన్న జనం నవ్వారు. నేను తిప్పుతున్నాను.

'రాలా... రాలా... ఆఁ, లేచింది! పోయింది! ఎనక్కి, ఎనక్కి... వచ్చింది నాయనా, ఆపు!'

జీవితంలో మొదటిసారి ఆ కేక మా ఇంట్లోంచి విన్నాను. పానా అక్కడే పడేసి లోపలికి పోయి చూశాను. నా ఇంటి తలుపులోంచి నేను లోపలికి పోయి, నేను పట్టిన బొమ్మ నేనే చూశాను. దూరదర్శన్‌లో వ్యవసాయ కార్యక్రమం వస్తోంది. మిరపలో తెగుళ్ల గురించి ఎవరో ఆఫీసరు చెబుతున్నాడు. ఎవరికీ అక్కర్లేని కార్యక్రమం. అయినా ఎవరూ కదల్లేదు.

నెలలో మా పల్లెలో 22 ఇళ్ల మీద డిష్షులు లేచాయి. మొదటి ఐదు నేను బిగించాను. మిగతావి నేను బిగించలేదు. చేతులు కట్టుకొని పక్కన నిలబడి కుర్రాళ్ల చేత, ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లల చేత చేయించాను. మాలపల్లె నుంచి కూడా పిల్లలు వచ్చి నేర్చుకున్నారు. మా రెండు పల్లెల మధ్య ఉన్న పట్టింపుల సంగతి మనకు తెలియంది కాదు, దాచడం కూడా ఎందుకు. ఆ నెల రోజులూ ఒకే పానా రెండు పల్లెల్లో తిరిగింది. ఊరు బహిష్కరణ ఆర్డీవో వచ్చి మాట్లాడాక, కళ్లాల్లో కాయ మెత్తబడుతుంటే పనోళ్లు లేక, సడలింది. విగ్రహం లేచింది. కేబుల్ ఆయన తీగ అతికిస్తానని కబురు చేశాడు. పల్లెలో ఒక్కరూ మళ్లీ కట్టించుకోలేదు.

ఇక్కడితో ఆపితే ఇది గెలుపు కథ. కానీ చరిత్ర అక్కడ ఆగదు.

2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. హత్యలు జరిగిన ఊళ్లోనే కోర్టు పెట్టించుకోవడానికి మనవాళ్లు ఎంత పోరాడారో మీకు తెలుసు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. ఆ తీర్పు మీద అప్పీలు సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ఏప్రిల్ సాయంత్రం ఆ వార్త మా ఇంట్లో, నేను బిగించిన డిష్షులోంచే వచ్చింది. క్వాలిటీ గీత నిండుగా ఉంది. ఒక్క చీమ లేదు, బొమ్మ అద్దంలా ఉంది. రెండు వాక్యాలు చదివారు. తర్వాత ఎన్నికల వార్తలు. మాయమ్మ, 'మరి ఆ ఎనిమిది మందినీ ఎవరూ చంపలేదా?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 1985లో కారంచేడు వార్త రెండు రోజులకు మనిషి నోట వచ్చింది, వచ్చినవాడు ఏడుస్తూ చెప్పాడు. 2014లో వార్త ఆ పూటే వచ్చింది, నవ్వు మొహంతో చెప్పారు.

ఆ రాత్రి నాకు తెలిసింది ఇది. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం ఊరి మీదా పల్లె మీదా ఒకే తీరున పడుతుంది. దానికి చప్టా లేదు, నిచ్చెన లేదు. కానీ ఆ తరంగంలోకి మాట ఎక్కించే చోట ఊరే కూర్చుంది. మనం డిష్షు తిప్పడం నేర్చుకున్నాం. మైకు ముందు కూర్చునేవాడు ఇంకా వాళ్లవాడే. వినే హక్కు సంపాదించాం, చెప్పే హక్కు బాకీ ఉంది. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు, గుళ్లోకి పోలేని మనిషి తన గోడు దేవుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. మన దగ్గర నుంచి ఆకాశంలోకి మాట పంపాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. మన గుంటూరు జిల్లాలో అది ఉపగ్రహాల కంటే పాతది.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మన పల్లెల్లో ఎవరి తీగ ఎవరి చేతిలో ఉందో చూడండి. కరెంటు తీగ, నీళ్ల పైపు, కేబుల్, ఇప్పుడు ఇంటర్నెట్టు. అది ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్లు ఆలస్యంగా వచ్చింది, ఏ గొడవ నాడు తెగింది అని మీ అమ్మానాయనల్ని అడిగి రాసుకోండి. ఆ రాతే మన చరిత్ర. పని తెలిసినవాళ్లు పని నేర్పండి. మైకు దొరికినవాళ్లు మన మాట చెప్పండి.

మా నాయన 2011లో పోయాడు. ఆయన తప్పెట మా ఇంట్లో గోడకు ఉంది. వాకిట్లో డిష్షు ఉంది. రెండూ గుండ్రంగా ఉంటాయి, రెంటికీ మేకులు కొట్టింది మేమే. ఒకటి ఊరి మాట చాటింది, ఒకటి ఢిల్లీ మాట పట్టింది. మన మాట చాటేది మూడోది. అది మా మనవరాళ్ల చేతుల్లో ఉంటుందని నా నమ్మకం.